గీతకు అటూ ఇటూ: పరిశోధన నిధులు ఎవరికి దక్కుతాయి, ఎలా దక్కుతాయి

పరిశోధకులకు వచ్చే ప్రకటనల్లో గ్రాంటు, ఫెలోషిప్, పురస్కారం ఒకే వరుసలో కనిపిస్తాయి. ఫలానా తేదీలోగా దరఖాస్తు చేసుకోవాలి, ఇంత మొత్తం ఇస్తారు, ఈ అర్హతలు ఉండాలి. చూడటానికి ఒకేలా ఉన్నా మూడింటి స్వభావం వేరు. గ్రాంటు అంటే చేయబోయే పనికి ఇచ్చే డబ్బు. పైసా పైసాకూ లెక్క చెప్పాలి, మిగిలితే చాలాచోట్ల వెనక్కి ఇవ్వాలి. ఫెలోషిప్ మనిషికి ఇచ్చేది. కొన్నేళ్లపాటు జీతం గురించి బెంగ లేకుండా పని చేసుకోమనే భరోసా అది. పురస్కారం చేసేసిన పనికి దక్కేది. ఆ డబ్బుతో ఏం చేశారని ఎవరూ అడగరు. అడగనిదే అమ్మయినా పెట్టదన్న సామెత గ్రాంటుకు అక్షరాలా సరిపోతుంది. నోబెల్ దగ్గరికి వచ్చేసరికి తలకిందులవుతుంది. తన పేరు తానే పంపుకున్నవారిని నోబెల్ కమిటీలు అసలు పరిగణించవు.

వీటిలో ఎక్కువమంది పరిశోధకుల బతుకును శాసించేది గ్రాంటే. ప్రయోగశాలలో పరికరాలు, పీహెచ్‌డీ విద్యార్థుల వేతనాలు, క్షేత్ర పర్యటనలు, చాలాచోట్ల సొంత జీతంలో కొంత భాగం కూడా దాని మీదే ఆధారపడతాయి. అందుకే గ్రాంటు రానివారు తమ ఆలోచనలోనే ఏదో లోపం ఉందనుకుంటారు, వచ్చినవారు తమ గొప్పతనానికి ముద్ర పడిందనుకుంటారు. ఎంపిక ఎలా జరుగుతుందో దగ్గరగా పరిశీలించిన అధ్యయనాలు ఈ రెండు నమ్మకాలనూ బలపరచవు. అట్టడుగున ఉన్నవాటిని పక్కన పెట్టడం సమీక్షకులకు పెద్ద కష్టం కాదు. ఇబ్బంది అంతా డబ్బు అందే గీతకు కాస్త పైనా, కాస్త కిందా గుమిగూడే ప్రతిపాదనలతోనే. అక్కడ ఎవరు అటు, ఎవరు ఇటు అన్నది చాలావరకు యాదృచ్ఛికం. ఆ తర్వాతి పదేళ్ల జీవితం మాత్రం ఆ గీత చెప్పినట్టే నడుస్తుంది.

చరిత్రలో పురస్కారానిదే పాత దారి. సముద్రం మీద ఓడ ఏ రేఖాంశంలో ఉందో తెలుసుకునే మార్గం చూపినవారికి 20,000 పౌండ్ల వరకు ఇస్తామని 1714లో బ్రిటన్ పార్లమెంటు చట్టం చేసింది. వడ్రంగం నుంచి గడియారాల తయారీలోకి వచ్చిన జాన్ హారిసన్ ఈ పని మీద దశాబ్దాలు గడిపాడు. ఆయన నాలుగో గడియారాన్ని 1761లో జమైకాకు బయల్దేరిన ఓడలో పరీక్షించారు. అది నెగ్గింది. అయినా బహుమతిని తేల్చాల్సిన రేఖాంశ మండలి కొర్రీలు వేస్తూ పోయింది. 1765లో సగం డబ్బు వచ్చింది. రాజు జోక్యం చేసుకున్నాక 1773లో పార్లమెంటు మరో 8,750 పౌండ్లు ఇచ్చింది. అప్పటికి హారిసన్‌కు ఎనభై ఏళ్లు. ఈ కథలో తరచుగా మరుగున పడే వివరం ఒకటుంది. 1737లోనే అదే మండలి ఆయనకు పని కొనసాగించడానికి 500 పౌండ్లు మంజూరు చేసింది. చివర్లో ఇచ్చే బహుమతిని నమ్ముకుని మధ్యలో ఎవరూ బతకలేరని బహుమతి ప్రకటించినవారికే అర్థమైందన్నమాట. పేరు పెట్టలేదు కానీ అది గ్రాంటే.

ఇప్పుడున్న తరహా గ్రాంటు వ్యవస్థ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్థిరపడింది. 1945లో అమెరికా అధ్యక్షుడికి, యుద్ధకాలంలో అక్కడి శాస్త్ర పరిశోధనను నడిపించిన ఇంజనీరు వానెవర్ బుష్ సమర్పించిన నివేదిక, ప్రాథమిక పరిశోధనకు ప్రభుత్వమే డబ్బు పెట్టాలనీ, దిశ నిర్ణయించే స్వేచ్ఛ శాస్త్రజ్ఞులకు ఉండాలనీ వాదించింది. 1950లో అక్కడ జాతీయ సైన్స్ ఫౌండేషన్ ఏర్పడింది. ప్రతిపాదన రాయడం, తోటి నిపుణులు చదివి మార్కులు వేయడం, పై నుంచి డబ్బు ఉన్నంత వరకు పంచడం అనే పద్ధతి క్రమంగా ప్రపంచమంతటికీ నమూనా అయింది.

ఆ మార్కులు వేసే గదిలోకి తొంగి చూస్తే సంగతి అర్థమవుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పద్ధతి ఇలా ఉంటుంది. ఒక్కో ప్రతిపాదనను సాధారణంగా ముగ్గురు సభ్యులు క్షుణ్ణంగా చదువుతారు. వారి తొలి మార్కులను బట్టి దాదాపు సగం ప్రతిపాదనలను చర్చకే తీసుకోరు. మిగిలినవాటి మీద ఆ ముగ్గురూ మాట్లాడతారు, తక్కినవారు విని, కాగితాలు తిరగేసి, 1 నుంచి 9 వరకు అంకె వేస్తారు. 1 అంటే అత్యుత్తమం. అందరి సగటును పదితో గుణిస్తే తుది మార్కు. ఇరవై మంది కూర్చున్న ఒక గదిని ఊహించుకుందాం. పద్నాలుగు మంది 2 వేశారు, ఆరుగురు 3 వేశారు. సగటు 2.3, మార్కు 23. ఇప్పుడు చర్చ చివర్లో ఒక సభ్యుడు గణాంకాల విభాగం కాస్త పలచగా ఉందని గట్టిగా అన్నాడు. నలుగురు 2 కొట్టేసి 3 వేశారు. మార్కు 25 అయింది. ఆ విడత డబ్బు 24 దగ్గర అయిపోతే, ఆ ఒక్క వాక్యంతో అయిదేళ్ల పని ఆగిపోయినట్టే. ఆ మాట అన్నాయన ఆ రోజు జ్వరంతో రాకపోయి ఉంటే?

ఇది ఊహ మాత్రమే కాదు. 1981లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం కోసం, జాతీయ సైన్స్ ఫౌండేషన్ అప్పటికే నిర్ణయం తీసుకున్న 150 ప్రతిపాదనలను మరో సమీక్షకుల బృందంతో చదివించారు. ఒక ప్రతిపాదన భవిష్యత్తును సగం దాని గుణగణాలు తేలుస్తాయని, మిగతా సగం అది ఎవరి చేతిలో పడిందన్న దాని మీద ఆధారపడుతుందని పరిశోధకులు తేల్చారు. 2018లో మరొక బృందం 43 మంది సమీక్షకులను, 25 వైద్య పరిశోధన ప్రతిపాదనలను తీసుకుని ఆరోగ్య సంస్థల ప్యానెల్ పద్ధతినే తిరిగి నడిపి చూసింది. ఒకే ప్రతిపాదనకు ఇద్దరు వేసిన మార్కులు, వేర్వేరు ప్రతిపాదనలకు ఇద్దరు వేసిన మార్కుల కంటే దగ్గరగా ఏమీ లేవు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ 25 కూడా మంచివే. చెత్తను, మంచిని వేరు చేయమంటే సమీక్షకులు ఇంతకంటే నయంగానే చేస్తారు. మంచివాటిలో మంచిది ఏదో తేల్చమన్నప్పుడే వాళ్ల మధ్య ఏకాభిప్రాయం కుదరదు. చిక్కంతా అక్కడే. నిధులు తక్కువైన కొద్దీ గీత పైకి జరుగుతుంది, సరిగ్గా సమీక్ష పని చేయని చోటికే చేరుతుంది.

గీత దాటిన తర్వాత ఏమవుతుంది? నెదర్లాండ్స్‌లో కొత్తగా పీహెచ్‌డీ పొందినవారికిచ్చే గ్రాంట్ల మీద 2018లో ఒక విశ్లేషణ వెలువడింది. గీతకు ఆనుకుని పైన ఉండి గ్రాంటు పొందినవారు, ఆనుకుని కింద ఉండి పోగొట్టుకున్నవారు దాదాపు సమానమైన మార్కులవాళ్లే. కానీ తర్వాతి ఎనిమిదేళ్లలో మొదటివారు సంపాదించిన పరిశోధన నిధులు రెండోవారికంటే రెండింతలు దాటాయి. ఉన్నచోటికే చేరే ఈ ధోరణికి సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లోనే మత్తయి సువార్తలోని ఒక వాక్యం ఆధారంగా 'మత్తయి ప్రభావం' అని పేరు పెట్టాడు. డచ్ అధ్యయనంలో అంతకంటే ఆలోచింపజేసే విషయం మరొకటి ఉంది. తేడాలో కొంత భాగానికి కారణం తర్వాతి కమిటీలు కాదు, ఓడినవారే. వాళ్లు మళ్లీ దరఖాస్తు చేయడం తగ్గించేశారు. ఒక్క మార్కు తేడాను తమ మీద తీర్పుగా తీసుకున్నారు.

మరుసటి ఏడాదే దీనికి ఎదురు చెప్పినట్టు కనిపించే ఫలితం వచ్చింది. అమెరికా ఆరోగ్య సంస్థలకు దరఖాస్తు చేసిన యువ పరిశోధకుల్లో కొద్దిలో తప్పిపోయినవారిని, కొద్దిలో గట్టెక్కినవారిని పోల్చారు. తప్పిపోయినవారిలో గణనీయమైన భాగం ఆ వ్యవస్థ నుంచే కనుమరుగైంది. నిలిచినవారు మాత్రం దీర్ఘకాలంలో ఎక్కువ ప్రభావం చూపిన పత్రాలు రాశారు. బలహీనులు తప్పుకోవడం వల్ల సగటు పెరిగిందనే వివరణ ఒక్కటే చాలదని కూడా రచయితలు లెక్కలు చూపారు. ఈ రెండు అధ్యయనాలకు నిజానికి తగవు లేదు. ఒకటి డబ్బును కొలిచింది, ఇంకొకటి మిగిలినవారి పనిని కొలిచింది. వైఫల్యం మనిషిని రాటుదేలుస్తుందని రెండోదాన్ని పట్టుకుని ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు, ఆ వాక్యంలో 'మిగిలినవారి' అనే మాటను మింగేస్తారు. కోవిడ్ టీకాలకు దారి వేసిన శాస్త్రజ్ఞురాలు కాటలిన్ కరికో కథనూ ఇలాగే వాడుకుంటున్నారు. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ మీద ఆమె ప్రతిపాదనలకు ఏళ్ల తరబడి గ్రాంట్లు రాలేదు, 1995లో ఉద్యోగంలో కింది మెట్టుకు దింపారు. 2005లో డ్రూ వైస్‌మన్‌తో కలిసి రాసిన కీలకమైన పత్రం వచ్చింది, 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆమెను చూపించి ఓపిక పట్టమనడం తేలిక. ఓపిక పట్టి కూడా నిలవలేకపోయినవారి పేర్లు ఎవరికీ తెలియవు కాబట్టే అంత తేలిక.

ఇక ఈ అంతటికీ అయ్యే శ్రమ. 2012లో ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలికి వచ్చిన 3,727 ప్రతిపాదనల తయారీకి పరిశోధకులు వెచ్చించిన సమయం మొత్తం కలిపితే 550 పని సంవత్సరాలని ఒక అంచనా. ఒక్కోదానికి సగటున 34 పని దినాలు. నెగ్గింది అయిదింట ఒకటి. అంటే ఒక గ్రాంటు చేతికి వచ్చేసరికి, ఎవరో ఒకరి చేత 170 రోజుల రాత పని జరిగి ఉంటుంది, అందులో 136 రోజుల పని చెత్తబుట్టకు. పూర్తిగా వృథా అనడం సరికాదు, ప్రతిపాదన రాస్తూ ఆలోచన పదునెక్కుతుందనేవారున్నారు. అది మొదటిసారి నిజం. మూడోసారి అదే బడ్జెట్ పట్టికను కొత్త సంస్థ నమూనాలోకి మార్చుతున్నప్పుడు పదునెక్కేదేమీ ఉండదు.

అదే లెక్కను దరఖాస్తుదారు వైపు నుంచి చూడాలి. నెగ్గే అవకాశం అయిదింట ఒకటి అయినప్పుడు, ఏ ప్రయత్నానికి ఆ ప్రయత్నం విడిగా జరుగుతుందనుకుంటే, అయిదుసార్లు రాసినా ఒక్కటీ రాకపోయే అవకాశం దాదాపు 33 శాతం. ముగ్గురు సమర్థులైన పరిశోధకుల్లో ఒకరికి అయిదు వరుస తిరస్కరణలు అన్నమాట. దీన్ని ముందే తెలుసుకున్నవారు మూడో లేఖ దగ్గర కుంగిపోరు. ఒకే పెద్ద గ్రాంటు మీద ఏడాదంతా గుడ్డెట్టిన కోడిలా కూర్చోరు కూడా. ప్రయాణ ఖర్చుల గ్రాంట్లు, చిన్న పైలట్ నిధులు, వృత్తి సంఘాలు తొలి దశ పరిశోధకులకిచ్చే సహాయం వంటివాటికి రెండు పేజీలు చాలు, పోటీ తక్కువ. అక్కడ వచ్చిన కొద్దిపాటి డబ్బుతో తెచ్చిన తొలి ఫలితాలే పెద్ద ప్రతిపాదనకు ఊతమవుతాయి. మత్తయి ప్రభావాన్ని తిట్టుకుంటూనే దాన్ని తమ వైపు తిప్పుకునే దారి ఇది.

ప్రాజెక్టుకు డబ్బివ్వాలా, మనిషికి ఇవ్వాలా అన్న వాదన కూడా ఇక్కడే మొదలవుతుంది. అమెరికాలోని హోవర్డ్ హ్యూస్ వైద్య సంస్థ రెండో దారి ఎంచుకుంది. మంచి పరిశోధకులను ఎంచి, ఏళ్ల తరబడి డబ్బిచ్చి, దిశ మార్చుకునే స్వేచ్ఛ ఇస్తుంది. ఈ పద్ధతిని మామూలు ప్రాజెక్టు గ్రాంట్లతో పోల్చిన 2011 నాటి అధ్యయనంలో, ఈ పరిశోధకుల నుంచి అత్యధిక ప్రభావం గల పత్రాలు ఎక్కువగా వచ్చాయి. ఎవరూ పట్టించుకోని పత్రాలూ ఎక్కువగానే వచ్చాయి. సాహసానికి అవకాశమిస్తే రెండూ వస్తాయి, అది లెక్క ప్రకారమే. ఇంతవరకు విన్నవారికి మనిషికే ఇవ్వడం మేలనిపిస్తుంది.

కానీ మనిషిని తూచడం మొదలుపెడితే తూకం రాళ్లు మారిపోతాయి. స్వీడన్ వైద్య పరిశోధన మండలి ఫెలోషిప్పులకు వచ్చిన 114 దరఖాస్తుల రహస్య మార్కులను ఇద్దరు పరిశోధకురాళ్లు సమాచార హక్కు ద్వారా బయటికి తెప్పించి 1997లో 'నేచర్'లో ప్రచురించారు. పురుషుడితో సమానమైన మార్కు రావాలంటే స్త్రీ ప్రచురణల్లో అతనికంటే రెండున్నర రెట్లు ముందుండాలి. కమిటీ సభ్యులతో పరిచయం ఉన్నవారికి విడిగా మార్కులు కలిశాయి. పాత కథ అని తీసేయడానికి లేదు. కెనడా ఆరోగ్య పరిశోధన సంస్థలు ఒకే కాలంలో రెండు పథకాలు నడిపాయి, ఒకదానిలో ప్రధానంగా పరిశోధననూ, మరొకదానిలో ప్రధానంగా పరిశోధకులనూ చూడమన్నారు. పరిశోధనను చూసినచోట స్త్రీల విజయశాతం పురుషులకంటే 0.9 పాయింట్లు తక్కువ. మనిషిని చూసినచోట 4 పాయింట్లు తక్కువ. ఈ ఫలితం 2019లో వచ్చింది. హబుల్ టెలిస్కోప్ సమయం కేటాయించే కమిటీ 2018లో దరఖాస్తుదారుల పేర్లే తీసేసింది. ఆ విడత స్త్రీలు నాయకత్వం వహించిన ప్రతిపాదనల విజయశాతం ఎన్నో ఏళ్ల తర్వాత తొలిసారిగా పురుషులవాటిని దాటింది. మనిషికి డబ్బివ్వడం సాహసాన్ని పెంచుతుంది, మనిషిని తూచడం పక్షపాతాన్ని లోపలికి రానిస్తుంది. రెంటినీ ఒకేసారి సరిచేసిన పథకం ఇంతవరకు లేదనే చెప్పాలి. కొన్ని సంస్థలు ప్రస్తుతం మధ్యేమార్గంగా, ప్రచురణల సంఖ్యకు బదులు తమ కృషిని మాటల్లో వివరించే కథన రూపంలోని జీవన వివరాలను అడుగుతున్నాయి. ఇది ఇంగ్లీషు బాగా రాయగలవారికి కొత్తగా మరో మేలు చేయడం తప్ప ఏం సాధిస్తుందో చూడాలి.

దేశంతో నిమిత్తం లేకుండా తెరిచి ఉన్న తలుపులు కొన్ని ఉన్నాయి. 2007లో మొదలైన ఐరోపా పరిశోధన మండలికి ఏ దేశ పౌరులైనా దరఖాస్తు చేయవచ్చు, పని చేసే సంస్థ మాత్రం ఐరోపా సమాఖ్యలోగానీ అనుబంధ దేశంలోగానీ ఉండాలి. తొలి దశ గ్రాంటు అయిదేళ్లకు 15 లక్షల యూరోల వరకు. బిడ్డల తల్లులకు ఒక్కో బిడ్డకు 18 నెలల చొప్పున అర్హత కాలం పెరుగుతుంది. తెలియక ఈ అవకాశాన్ని వదులుకుంటే నష్టం వారిదే. మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్పులకు మరో రకం షరతు ఉంది. వెళ్లబోయే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. జర్మనీలోని హంబోల్ట్ ఫౌండేషన్ విదేశీ పరిశోధకులకు ఇచ్చే ఫెలోషిప్‌కు తుది గడువంటూ లేదు, ఏడాది పొడవునా దరఖాస్తు పంపవచ్చు. ముందుగా అక్కడ ఆతిథ్యమిచ్చే ఆచార్యులను ఒప్పించుకోవాలి, అసలు పని అదే. స్ట్రాస్‌బర్గ్ కేంద్రంగా 1989 నుంచి నడుస్తున్న హ్యూమన్ ఫ్రాంటియర్ సైన్స్ ప్రోగ్రామ్ జీవశాస్త్ర పరిశోధనలకు వేర్వేరు దేశాల, వీలైతే వేర్వేరు ఖండాల బృందాలను కోరుతుంది. సభ్యులు అంతకుముందు కలిసి పనిచేసి ఉండకపోవడమే మేలంటుంది. తొలి ఫలితాలు చూపించమని పట్టుబట్టదు. సగం పని పూర్తయ్యాక గానీ గ్రాంటు అడగలేని ఈ కాలంలో ఇది అరుదైన గుణం.

నిబంధనల పత్రం చదవడం ఎవరికీ ఇష్టం ఉండదు. 2021లో ఆస్ట్రేలియా పరిశోధన మండలికి దరఖాస్తు చేసిన పలువురు యువ పరిశోధకులు తమ ప్రతిపాదనలో ప్రీప్రింట్లను, అంటే తోటి నిపుణుల సమీక్ష ఇంకా పూర్తికాని పత్రాలను, ఉదహరించారు. భౌతిక, ఖగోళ శాస్త్రాల్లో అది రోజువారీ అలవాటు. ఆ ఏడాది నిబంధనల్లో ప్రీప్రింట్లు వద్దని ఉంది. పరిశోధన ఎలాంటిదో చూడకుండానే దరఖాస్తులను అనర్హమని తోసిపుచ్చారు. గగ్గోలు పుట్టాక మండలి ఆ నిబంధనను మార్చుకుంది. తప్పు నిబంధనదే. అయినా పేజీల పరిమితి, అక్షరాల పరిమాణం, పీహెచ్‌డీ తేదీ లెక్కింపు, సంస్థ సంతకం వంటివాటి దగ్గర ఏటా ఎన్నో దరఖాస్తులు ఇలాగే చదవకముందే రాలిపోతుంటాయి. తుది గడువు సంస్థది ఒకటి, విశ్వవిద్యాలయ కార్యాలయానిది ఇంకొకటి ఉంటుందని, రెండోది చాలా ముందే వస్తుందని మొదటిసారి రాసేవారికి ఎవరూ చెప్పరు.

రాతలో అన్నిటికంటే ఫలితమిచ్చే మరమ్మతు మొదటి పేజీదే. ప్యానెల్‌లో ఎక్కువమంది ఆ చిన్న రంగానికి బయటివాళ్లు. సాయంత్రం పదకొండో ప్రతిపాదన తిరగేస్తున్నవాళ్లు. "ఈ ప్రాజెక్టు పొడి నేలల్లోని సూక్ష్మజీవుల వైవిధ్యంపై ఆధునిక పద్ధతులతో సమగ్ర అధ్యయనం చేస్తుంది" అని మొదలుపెడితే, వాళ్లు తల ఊపి ముందుకెళ్తారు. "చాలా నెలల కరువు తర్వాత మొదటి వాన పడగానే నేల నుంచి ఒక్కసారిగా కార్బన్ డయాక్సైడ్ ఎగసిపడుతుంది. ఆ వాయువును వదిలేది ఎండను తట్టుకుని నిద్రలో ఉన్న జీవులా, చచ్చినవాటిని తిని పెరిగే కొత్తవా?" అని మొదలుపెడితే ఆగుతారు. రెండో వాక్యంలో ప్రశ్న ఉంది, జవాబు రెండు రకాలుగా ఉండొచ్చని తెలుస్తోంది, ఏది తేలినా ఉపయోగమే. సమగ్రం అనే మాట కనిపించిన ప్రతిచోటా ప్రశ్న ఇంకా దొరకలేదని అర్థం చేసుకోవచ్చు.

పురస్కారాల లోకం తీరు వేరు. భౌతిక శాస్త్ర నోబెల్‌కు పేర్లు సూచించమని ఏటా సుమారు 3,000 మందికి ఆహ్వానాలు వెళ్తాయి. ఎవరు ఎవరిని సూచించారో 50 ఏళ్లు బయటపెట్టరు. మెక్‌ఆర్థర్ ఫెలోషిప్‌కు దరఖాస్తే లేదు. అయిదేళ్లలో 8 లక్షల డాలర్లు వస్తాయని ఒకరోజు ఫోను వస్తుంది, అంతే. గణితంలో ఫీల్డ్స్ పతకానికి నలభై ఏళ్ల వయోపరిమితి. మూడున్నర శతాబ్దాల ఫెర్మా సమస్యను తేల్చిన ఆండ్రూ వైల్స్ 1994 నాటికి ఆ గీత దాటేశాడు, 1998లో ప్రత్యేక వెండి ఫలకంతో సరిపెట్టారు. రష్యా గణితవేత్త గ్రిగోరి పెరెల్మాన్ 2006లో ఫీల్డ్స్ పతకాన్ని, 2010లో పది లక్షల డాలర్ల క్లే బహుమతిని వద్దన్నాడు. అదే సమస్య పరిష్కారానికి బాట వేసిన అమెరికా గణితవేత్త రిచర్డ్ హామిల్టన్ కృషి తన కృషికి తక్కువది కాదన్నది ఆయన అభ్యంతరం. పేరొందిన ఈ బహుమతుల సంగతి అలా ఉంచితే, వృత్తి సంఘాలు ఇచ్చే చిన్న పురస్కారాలు చాలా ఉన్నాయి. వాటికి వచ్చే నామినేషన్లు తక్కువ, కొన్ని స్వయంగా పంపుకోవడానికీ ఒప్పుకుంటాయి. సీనియర్లు సూచిస్తారులే అని ఎదురు చూసే యువ పరిశోధకుల కంటే, తమ పనిని ఒక పేజీలో రాసి సీనియర్ల చేతికిచ్చేవారికే అవి ఎక్కువ దక్కుతాయి. ఇది మొహమాటపడవలసిన విషయం కాదు. సీనియర్లకు తీరిక లేక ఆగిపోయే నామినేషన్లే ఎక్కువ.

వీటి పక్కనే మరో సంత నడుస్తుంది. "మీ విశిష్ట కృషిని గుర్తించి అంతర్జాతీయ ఉత్తమ పరిశోధక పురస్కారానికి ఎంపిక చేశాం" అని ఈమెయిల్ వస్తుంది. పేరు స్పెల్లింగ్ తప్పుగా ఉంటుంది. కృషి ఏమిటో ఉండదు. న్యాయనిర్ణేతలు ఎవరో ఉండదు. కింద నమోదు రుసుము ఉంటుంది, జ్ఞాపిక పంపడానికి మరో రుసుము, సదస్సులో స్వయంగా అందుకోవాలంటే ఇంకొకటి. గుర్తు పట్టడానికి ఒక్క ప్రశ్న చాలు: డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్తోంది? అయినా వీటికి గిరాకీ ఉంది. పదోన్నతి దరఖాస్తుల్లో పురస్కారాల గడి ఉన్నంత కాలం, ఆ గడిని నింపేవి పుట్టుకొస్తూనే ఉంటాయి.

గీత దగ్గరి అదృష్టాన్ని కొన్ని సంస్థలు ఇప్పుడు దాచకుండా ఒప్పుకుంటున్నాయి. న్యూజిలాండ్ ఆరోగ్య పరిశోధన మండలి 2013లో కొన్ని గ్రాంట్లకు ప్యానెల్‌ను ఒకటే అడగడం మొదలుపెట్టింది: ఇది అర్హమైనదా, కాదా? అర్హమైనవాటిలో ఎవరికన్నది లాటరీ తీశారు. జర్మనీలోని ఫోక్స్‌వాగన్ ఫౌండేషన్ 2017లో, బ్రిటిష్ అకాడమీ తన చిన్న గ్రాంట్లకు 2022లో ఇలాంటి పద్ధతిని ప్రయత్నించాయి. పన్ను చెల్లించేవారి డబ్బును చీటీలు తీసి పంచడమేమిటనే విమర్శ వచ్చింది. చీటీలు ముందు నుంచీ ఉన్నాయి, ఇప్పుడు కనిపిస్తున్నాయి, అంతే తేడా.

కృత్రిమ మేధ రాకతో ఈ ఒత్తిడి పెరుగుతోంది. ప్రతిపాదన రాయడం చవకైంది, చదవడం కాలేదు. గోప్యత దెబ్బతింటుందని సమీక్షకులు అలాంటి సాధనాలు వాడకూడదని అమెరికా ఆరోగ్య సంస్థలు 2023లోనే చెప్పాయి. 2025 సెప్టెంబరు 25 నుంచి ఒక్కో ప్రధాన పరిశోధకుడికి ఏడాదికి ఆరు దరఖాస్తులే అన్న పరిమితి పెట్టాయి. ప్రతిపాదనలు ఎక్కువై, భాష అన్నిటిలోనూ నునుపెక్కితే గీత దగ్గర గుంపు ఇంకా చిక్కబడుతుంది, 23కూ 25కూ మధ్య తేడాకు ఇంకా అర్థం తగ్గుతుంది.

లాటరీకి అనుకూలంగా చెప్పే కారణాల్లో సమయం ఆదా, పక్షపాతం తగ్గడం ముందుంటాయి. డచ్ ఫలితాన్ని గుర్తు తెచ్చుకుంటే, తిరస్కరణ లేఖలో మారే ఒక్క వాక్యం అంతకంటే ముఖ్యమైనది కావచ్చు. మామూలు లేఖ, మీ ప్రతిపాదన ఈసారి తగినంత పోటీ ఇవ్వలేకపోయిందని చెబుతుంది. లాటరీ లేఖ, మీ ప్రతిపాదన నిధులకు అర్హమైనదే, చీటీలో పేరు రాలేదని చెబుతుంది. మొదటి లేఖ చదివినవారు ఫైలు మూసి పక్కన పెడతారు. రెండోది చదివినవారు తర్వాతి విడత ఎప్పుడో క్యాలెండర్‌లో చూసుకుంటారు.